గుడ్డు తూచి గూటి సంగతి చెప్పడం ఎలా?

మా వంటింట్లో ఉన్న చిన్న త్రాసుకు రెండే పనులు. ఒకటి, అత్తయ్యగారి ఆవకాయకు ఉప్పు, కారం, ఆవపిండి తూచడం. రెండు, గుడ్లు తూచడం. రెండో పని మొదలై ఆరేళ్లయింది. దానికి కారణం మా తొమ్మిదో తరగతి గుంటడు ఒకడు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. తేలినీలాపురం వైపు నుంచి వచ్చే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల ఊళ్లో చింతచెట్ల మీద ఏటా గూడబాతులు (పెలికాన్‌లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని చేస్తాయి. ఆ గుంటడు లేచి అడిగాడు: "మేడమ్, మా పెట్ట కింద పిల్లలు దిగిన మర్నాటికే తల్లి వెనక పరిగెడతాయి. గూడబాతు పిల్ల ఏటి మేడమ్, ఈక ముక్క లేకుండా తోలు ఒలిచేసినట్టు ఉంటాది? రెండూ గుడ్డులోంచే వచ్చాయి కదా?"

పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. కొన్ని పక్షుల పిల్లలు ఎదిగి పుడతాయి, కొన్నిటివి ఎదగకుండా పుడతాయి అని. వాడు కూర్చోలేదు. "మరి గుడ్డులోనే తేడా ఉంటాదా?" అన్నాడు. ఉంటుంది. ఎంత ఉంటుందో వంటింట్లోనే తూచి చూసుకోవచ్చు. అది ఒకసారి చేతికి పట్టుబడితే, ఎక్కడో దక్షిణ సముద్రాల్లో తిరిగే పక్షి గుడ్డు లెక్కలు చదివినా, ఆ తల్లి తిండికి ఎంత దూరం పోతుందో, పిల్లను ఎన్నాళ్లు ఒంటరిగా వదులుతుందో ఊహించగలుగుతాం. మేం చేసే పద్ధతి చెబుతాను.

ముందు ఒక కట్టుబాటు. అడవి పక్షి గుడ్డు ముట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గుడ్లు తీయడం, పాడుచేయడం కూడా వేట లెక్కలోకే వస్తాయి. తేలినీలాపురం వాళ్లకైతే ఈ చట్టం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పక్షుల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. పురిటి గదిలోకి త్రాసు పట్టుకుని వెళ్తామా? కాబట్టి మనం తూచేవన్నీ సంతలో దొరికేవి, పెంపుడు పక్షులవి మాత్రమే.

ఏం తెచ్చుకోవాలి

ఫారం గుడ్లు నాలుగు, నాటుకోడి గుడ్లు నాలుగు, బాతుగుడ్లు రెండు, కౌజు పిట్ట గుడ్లు ఒక డజను. వీటితో పాటు పావురం గుడ్డు ఒక్కటైనా సంపాదించండి. అసలు కథంతా దానిలోనే ఉంది. పావురాలు పెంచేవాళ్లు కొందరు మంద మరీ పెరిగిపోతోందని అప్పుడే పెట్టిన గుడ్లు తీసేస్తుంటారు. వాళ్లను అడగండి. మీ సన్‌షేడు మీద గూడు పెట్టిన పావురం జోలికి మాత్రం పోవద్దు.

త్రాసు గ్రాములో పదో వంతు చూపించేది కావాలి. కూరగాయలు తూచే త్రాసు కౌజు గుడ్డుకు పనికిరాదు. పదకొండు గ్రాముల గుడ్డులో ఒక గ్రాము తప్పితే లెక్కంతా తప్పు. తూచేటప్పుడు ఫ్యాను ఆపేయండి. మొదటి ఏడాది మా పిల్లల అంకెలు ఎందుకు నిలకడగా రావడం లేదో నాకు రెండు రోజులు అర్థం కాలేదు. తీరా చూస్తే తల మీద ఫ్యాను తిరుగుతోంది.

గుడ్లు తాజావి అయి ఉండాలి. ఇది పట్టింపు కాదు, లెక్కకు అవసరం. గుడ్డు పాతబడే కొద్దీ తెల్లసొనలోని నీరు కొంత పచ్చసొనలోకి దిగుతుంది, ఇంకొంత పెంకు రంధ్రాల గుండా బయటికి పోతుంది. పది రోజుల గుడ్డులో పచ్చసొన తూచి "అబ్బో, చాలా ఉంది" అంటే అందులో సగం నీళ్ల గొప్ప. గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది. కాస్త పాతది లావు కొస పైకెత్తుతుంది. మరీ పాతది తేలుతుంది. గుడ్డును ఎన్ని రోజులుగా పొదుగుతోందో అంచనా కట్టడానికి పక్షుల్ని పరిశోధించేవాళ్లు కూడా ఈ నీళ్ల పరీక్షే వాడతారు.

నాటు గుడ్ల విషయంలో ఇంకో జాగ్రత్త. పెట్ట కింద నుంచి తీసి అమ్మిన గుడ్డు కావచ్చు. ఒకసారి పిల్లల ముందు పగలగొడితే ఎర్రటి నరాల వల, మధ్యలో కొట్టుకుంటున్న చుక్క కనిపించాయి. ఇద్దరు ఆడపిల్లలు ఏడ్చేశారు. నాకూ ఆ రోజు అన్నం సయించలేదు. మా అమ్మ గుడ్లను పొదుగుకు వేసే ముందు దీపం వెలుగులో పట్టి చూసేది. మనకు సెల్‌ఫోన్ టార్చి ఉంది. చీకట్లో లావు కొసకు టార్చి ఆనించి చూడండి. లోపల సాలెగూడులా కనిపిస్తే ఆ గుడ్డు పక్కన పెట్టేయండి, వీలైతే తెచ్చిన వాళ్లకే తిరిగి ఇచ్చేయండి.

తూకం వేయడం

గుడ్డును పొడిగుడ్డతో తుడిచి మొత్తం బరువు రాసుకోండి. తర్వాత బడి ల్యాబులో ఉండే వర్నియర్ కాలిపర్స్‌తో పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలవండి. పొడవును వెడల్పుతో రెండుసార్లు గుణించి, వచ్చిన దాన్ని 0.548తో గుణిస్తే ఆ గుడ్డు పెట్టిన రోజున ఎంత బరువుండేదో తెలుస్తుంది. డోనాల్డ్ హోయ్ట్ అనే ఆయన 1979లో ఇచ్చిన లెక్క ఇది. మా ఫారం గుడ్డు ఒకటి 5.6 పొడవు, 4.3 వెడల్పు. గుణిస్తే 56.7 గ్రాములు వచ్చింది. త్రాసు 56 చూపించింది. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. దీవుల మీద పక్షుల్ని పరిశోధించేవాళ్లకు ఈ లెక్క ప్రాణం. గూట్లో ఉన్న గుడ్డు ఎప్పుడు పెట్టిందో తెలియకపోయినా, దాన్ని పగలగొట్టకుండానే, మొదటి రోజు బరువు తేల్చుకోవచ్చు.

ఇక పగలగొట్టడం. పచ్చిగా అయితే పెంకు రెండు చిప్పల మధ్య పచ్చసొనను అటూ ఇటూ మారుస్తూ తెల్లసొనను గిన్నెలోకి జార్చాలి. పచ్చసొనకు ఇంకా కొంత తెల్లసొన, తాడులాంటి పోగులు అంటుకునే ఉంటాయి. తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డ మీద మెల్లగా దొర్లిస్తే అవి గుడ్డకు పట్టేస్తాయి. పచ్చసొన చిట్లకుండా ఇది చేయడానికి చెయ్యి తిరగాలి. చిన్నపిల్లలైతే ఉడకబెట్టడం మేలు. పన్నెండు నిమిషాలు ఉడికించి, చల్లారాక ఒలిచి, పచ్చసొన ఉండను తీసి తూచేయడమే. ఒక చిక్కుంది. ఆ రోజు పెట్టిన గుడ్డును ఉడికిస్తే పెంకుతో పాటు తెల్లసొన పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. అందుకే నేను ఉడికించడానికి రెండు మూడు రోజుల గుడ్డు, పచ్చిగా చేయడానికి ఆనాటి గుడ్డు తీసుకుంటాను.

పెంకు లోపల కడిగి, పొరతో సహా ఒక పూట ఎండలో ఆరబెట్టి తూచండి. తెల్లసొనను విడిగా తూచకండి. సగం గిన్నెకు, సగం వేళ్లకు అంటుకుంటుంది. మొత్తం బరువులోంచి పచ్చసొన, పెంకు తీసేస్తే మిగిలిందే తెల్లసొన. పచ్చిగుడ్డు పట్టిన చేతులు, బల్ల సబ్బుతో కడగాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు ప్యాంటుకే తుడుచుకుంటారు.

"ఏటమ్మా ఇది! ఇన్ని గుడ్లు వండడానికా, తూకాలకా?" అని అత్తయ్యగారు మొదటిసారి అడిగారు. రెండిటికీ అన్నాను. తూచిన తెల్లసొన, పచ్చసొన అన్నీ కలిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి అట్టు పోస్తాం. అప్పటి నుంచి ఆవిడకు అభ్యంతరం లేదు. పావురం గుడ్డు అట్టులో కలపకండి, పిల్లలు తినరు.

మా నోటుబుక్కులో అంకెలు

ఫారం గుడ్డు 56 గ్రాములు: పచ్చసొన 16, పెంకు 6, మిగిలిన 34 తెల్లసొన. నాటుకోడి గుడ్డు 42 గ్రాములు: పచ్చసొన 14, పెంకు 4.5, తెల్లసొన 23.5. బాతుగుడ్డు 68 గ్రాములు: పచ్చసొన 23.5, పెంకు 7.5, తెల్లసొన 37. కౌజు గుడ్డు 11 గ్రాములు: పచ్చసొన 3.6. పావురం గుడ్డు 17 గ్రాములు: పచ్చసొన 3.1 మాత్రమే.

శాతం కట్టేటప్పుడు నేను మొదటి ఏడాది బోల్తా పడ్డాను, మీరు పడకండి. పచ్చసొనను మొత్తం గుడ్డు బరువుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది, పెంకు తీసేసి లోపలి సరుకుతో భాగిస్తే ఇంకో అంకె వస్తుంది. ఫారం గుడ్డు మొదటి లెక్కలో 29, రెండో లెక్కలో 32. పరిశోధకుల పట్టికల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి, ఏదో కనిపెట్టేశానని సంబరపడి, మర్నాడు స్టాఫ్ రూములో పరువు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఎప్పుడూ పెంకు తీసేసే లెక్క కడతాం. ఆ లెక్కలో ఫారం గుడ్డు 32, నాటు గుడ్డు 37, కౌజు 37, బాతు 39. పావురం 20.

ఇక్కడ ఆగి పిల్లల్ని అడుగుతాను: ఈ ఐదింటిలో ఏ పిల్ల కళ్లు తెరవకుండా, ఒంటి మీద సరైన నూగు లేకుండా పుడుతుంది? పావురం పిల్ల. మిగతావన్నీ పుట్టిన రోజే నూగుతో, తెరిచిన కళ్లతో, కాళ్ల మీద నిలబడతాయి. పచ్చసొన అంటే తల్లి పిల్లకు కట్టిచ్చిన దారి బత్తెం. పుట్టగానే నడవాల్సిన పిల్లకు ఎక్కువ బత్తెం కావాలి. ఒళ్లంతా గుడ్డులోనే తయారవ్వాలి, బయటికొచ్చాక తిండి దొరికేదాకా కడుపులో ఇంకొంత మిగలాలి. కోడిపిల్ల పుట్టే ముందు మిగిలిన పచ్చసొనను బొడ్డు గుండా కడుపులోకి లాక్కుంటుంది. పుట్టిన మొదటి రెండు రోజులు మేత లేకపోయినా బతికేది దాని మీదే. పావురం పిల్లకు ఆ అవసరం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో తయారయ్యే పాలలాంటి ముద్ద నోట్లో పెడతారు.

బత్తెం బరువును కేలరీల్లోకి మారిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వంద గ్రాముల పచ్చసొనలో సుమారు 320 కేలరీలు, వంద గ్రాముల తెల్లసొనలో 50. పచ్చసొనలో సగమే నీరు, తెల్లసొనలో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీరు. నమ్మకం కుదరకపోతే తెల్లసొనను స్టీలు పళ్లెంలో పలచగా పరిచి ఎండలో పెట్టండి. సాయంత్రానికి గాజు పొరలాంటి పెళుసు రేకు మిగులుతుంది, అంతే. పైన జల్లెడ బోర్లించడం మరవకండి. మా పళ్లెం పిల్లి నాకేసింది. ఆ ఏడాది ఆ వరుసలో "పిల్లి" అనే రాసి ఉంది. ఫారం గుడ్డు లోపల మూడో వంతుకు తక్కువున్న పచ్చసొన మొత్తం శక్తిలో ముప్పావు వంతు మోస్తోంది.

ఇప్పుడు సముద్రం మీదికి

సముద్రపు పక్షుల గుడ్డు లెక్క ఎక్కడైనా కనిపిస్తే నేను నాలుగు సంగతులు పక్కపక్కన రాసుకుంటాను. గుడ్డు బరువు తల్లి బరువులో ఎంత, పచ్చసొన ఎంత, ఎన్ని రోజులు పొదుగుతుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది. ఈ నాలుగూ కలిస్తే ఆ పక్షి కాపురం కళ్లకు కడుతుంది.

అందరికన్నా ముందు వెడ్జ్‌టెయిల్డ్ షియర్‌వాటర్‌ను తీసుకోండి. హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్‌లోనూ దీవుల మీద నేలలో బొరియలు తవ్వి గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు 60 గ్రాములు, మన ఫారం గుడ్డంతే. కానీ తల్లి నాలుగు వందల గ్రాములకు లోపు. నాటుకోడి తన బరువులో మూడు శాతం గుడ్డు పెడితే ఇది పదిహేను శాతం పెడుతోంది. ఒక్కటే పెడుతుంది. అది పోతే ఆ ఏడాదికి ఇంకోటి లేదు. మన గుడ్డు 21 రోజుల్లో పిల్ల అయితే ఇది 52 రోజులు పడుతుంది. ఇంత గుడ్డు, ఇంత ఆలస్యం ఎందుకు? మేత దూరం. ఒకరు గుడ్డు మీద రోజుల తరబడి కూర్చుంటే ఇంకొకరు నడిసముద్రం మీద తిరిగి వస్తారు. పిల్ల పుట్టాక కూడా అంతే, తిండి ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ఈ జాతి పక్షుల గుడ్డులో పచ్చసొన మూడో వంతు దాటి 40 శాతం దాపుకు పోతుంది. పిల్ల నూగుతో పుడుతుంది, వెంటనే పరిగెత్తదు గానీ, బొరియలో ఒంటరిగా ఆకలికి ఓర్చుకోగలదు. వీటి బంధువే స్టార్మ్ పెట్రెల్. పిచ్చుకంత పిట్ట, పాతిక గ్రాముల పైచిలుకు, తన ఒంటి బరువులో నాలుగో వంతు గుడ్డు పెడుతుంది. తల్లిదండ్రులు వేళకు తిరిగి రాలేకపోయినా, చల్లారిన గుడ్డులో పిల్ల చచ్చిపోకుండా రోజుల తరబడి ఆగగలదు. మా అమ్మ అయితే పెట్ట పొదుగులోంచి లేచిపోయిన గుడ్లను అరపూట చూసి పారేసేది.

ఇక్కడే ఇంకో ప్రయోగం పెట్టుకోవచ్చు. ఒక గుడ్డు అలమర మీద ఉంచి పదిహేను రోజులు రోజూ ఒకే వేళకు తూచండి. కొద్దికొద్దిగా బరువు తగ్గుతూ ఉంటుంది. అది పెంకులోని వేల రంధ్రాల గుండా పోయే నీటి ఆవిరి. కోడిగుడ్డు పెంకుకు సుమారు పదివేల రంధ్రాలుంటాయి. పక్షుల్లో ఎక్కువ వాటి గుడ్లు పొదుగు మొదలైనప్పటి నుంచి పిల్ల దిగేలోపు తమ బరువులో పదిహేను శాతం దాపు నీరు పోగొట్టుకుంటాయి. కోడి ఆ పదిహేను శాతాన్ని 21 రోజుల్లో పోగొడుతుంది, షియర్‌వాటర్ 52 రోజుల్లో. మరి రెట్టింపు రోజులు కూర్చున్నా గుడ్డు ఎండిపోకపోవడం ఎలా? పెంకులో ఆవిరి దారులే తక్కువ. గుడ్డు పెట్టేనాటికే ఎన్నాళ్ల కాపురమో పెంకుకు తెలిసినట్టుంటుంది. మా శ్రీకాకుళం ఉక్కలో అలమర మీది గుడ్డు మెల్లగా తగ్గుతుంది, వేసవిలో గాలి పొడిగా ఉన్న రోజుల్లో కాస్త ఎక్కువ. ఆ తేడా కూడా రాసుకోండి.

గల్స్, టెర్న్‌లలో చాలా వాటికి మేత ఒడ్డుకు దగ్గరే, దగ్గరి కాపురం వాళ్లు. చలికాలం భావనపాడు ఒడ్డున గుంపులుగా వాలే గోధుమతల గల్స్ మనకు అతిథులే. వాటి పురుళ్లు లడఖ్, టిబెట్ ఎత్తైన సరస్సుల దగ్గర. టెర్న్‌లలో సూటీ టెర్న్ మాత్రం మేతకు నడిసముద్రం మీదికి పోతుంది, లక్షద్వీప్‌లోని పిట్టి అనే ఇసుకదిబ్బ మీద గూళ్లు పెడుతుంది. గూడంటే గూడు లేదు, ఇసుకలో ఒక గుడ్డు. వీటి పచ్చసొన 30 శాతం చుట్టూ ఉంటుంది. పిల్ల నూగుతో, ఇసుక రంగులో పుడుతుంది. రెండు మూడు రోజుల్లో నడిచి నీడ వెతుక్కోగలదు, కానీ చేప మాత్రం తల్లే తేవాలి. ఫారం కోడికి, పావురానికి మధ్య కాపురం అన్నమాట.

బత్తెం ఎక్కువ కట్టే తల్లుల్లో నాకు ముచ్చటైనది ఏన్షెంట్ మర్‌లెట్. ఉత్తర పసిఫిక్ పక్షి. తల్లి రెండు వందల గ్రాములు, గుడ్డు ఒక్కొక్కటి నలభై దాటి. అలాంటివి రెండు. పచ్చసొన నలభై శాతం దాటి ఉంటుంది. పుట్టిన రెండు రోజులకు, రాత్రి వేళ, పిల్లలు బొరియలోంచి బయటికొచ్చి చీకట్లో సముద్రం వైపు పరిగెడతాయి. నీళ్ల మీద నుంచి తల్లిదండ్రులు పిలుస్తుంటే ఆ గొంతు పట్టుకుని కెరటాల్లోకి దూకుతాయి. ఆ రెండు రోజులూ బొరియలో వాటికి ఎవరూ ఏమీ తినిపించరు. మొత్తం ప్రయాణం పచ్చసొన మీదే. సముద్రపు పక్షి కాకపోయినా కివి పేరు ఇక్కడ చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు. దాని గుడ్డులో పచ్చసొన దాదాపు 65 శాతం.

ఇక గూడబాతులు. ఇవి, గ్యానెట్‌లు, బూబీలు, నీటికాకులు ఒక తీరు పక్షులు. వీటి గుడ్డు లోపల పచ్చసొన ఐదో వంతు, కొన్నిట్లో అంతకన్నా తక్కువ. మా పావురం అంకె పక్కన పెట్టి చూడండి. పిల్ల నూగు లేకుండా, తోలుతో, తల ఎత్తలేకుండా పుడుతుంది. ఆ తొమ్మిదో తరగతి గుంటడు చూసింది అదే. బత్తెం తక్కువ కట్టి పంపించడం పీనాసితనం కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు గూట్లో ఉండి ఎండకు రెక్క పడతారు, ఇంకొకరు నౌపడ మడుల్లోనూ చెరువుల్లోనూ చేపలు పట్టి సంచిలో తెచ్చి పెడతారు. గుడ్డులో పెట్టాల్సింది గూట్లో పెడుతున్నారు. గుడ్డు చిన్నది, చవక. అందుకే మూడు నాలుగు పెట్టగలదు. చేపలు తక్కువైన ఏడాది చివరి పిల్ల బతకదు, అది వేరే బాధ. పెంగ్విన్‌లలో మకరోనీ అనే రకానికి ఇంకో విచిత్రం. మొదటి గుడ్డు రెండో గుడ్డు కన్నా బాగా చిన్నది, ఆ మొదటిది పిల్ల కావడం అరుదు.

పెంకు మీద కూడా ఒక లెక్క

పెంకు తూచాం కదా, దాన్ని వృథా చేయకండి. పెంకు బరువును మిల్లీగ్రాముల్లోకి మార్చి, మిల్లీమీటర్లలో పొడవు, వెడల్పులను గుణించిన అంకెతో భాగించండి. మా ఫారం గుడ్డుకు 6000ను 56, 43ల లబ్ధంతో భాగిస్తే 2.5 వచ్చింది. పెంకు ఎంత దట్టమో చెప్పే సూచిక ఇది. బ్రిటన్‌లో డెరెక్ ర్యాట్‌క్లిఫ్ 1967లో ఈ లెక్కతోనే ఒక ఘోరం బయటపెట్టాడు. పాత సేకరణల్లో దాచిన డేగ గుడ్లను కొత్తవాటితో పోల్చి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెంకులు ఒక్కసారిగా పలచబడ్డాయని చూపించాడు. కారణం డీడీటీ. పొలంలో చల్లింది పురుగులోకి, చేపలోకి, పక్షిలోకి చేరి, పెంకుకు సున్నం పట్టకుండా చేసింది. గూడబాతుల జాతికి అది మరీ చావుదెబ్బ. వీటికి పొదగడానికి పొట్ట కింద ఈకలు రాలిన వెచ్చటి చోటు ఉండదు. కాళ్ల చర్మాన్నే గుడ్డుకు ఆనించి, దాదాపు గుడ్ల మీద నిలబడినట్టే పొదుగుతాయి. పెంకు పలచనైతే తల్లి బరువుకే చిట్లిపోతుంది. కాలిఫోర్నియా తీరంలో అనకాపా దీవి మీద 1970లో వందల జంటలు గూళ్లు పెట్టినా ఒక్క బ్రౌన్ పెలికాన్ పిల్లే ఎదిగింది. అమెరికా 1972లో డీడీటీ వాడకాన్ని నిషేధించాక అవి కోలుకున్నాయి.

ఈ సంగతి చెప్పిన రోజు పిల్లలు ఇంట్లో పొలానికి కొట్టే మందు డబ్బాల పేర్లు రాసుకొచ్చారు. నేను చెప్పలేదు, వాళ్లే తెచ్చారు.

ఒక పని మాత్రం చేయవద్దు. గుడ్డు పచ్చసొనలో రోజుకొక పొర చొప్పున పేరుకున్న వలయాలుంటాయి. చెట్టు మొదలు వలయాల్లాంటివే. వాటిని లెక్కపెట్టి, తల్లి ఎన్నాళ్లు ఆ పచ్చసొన కూర్చిందో పరిశోధకులు చెబుతారు. దానికి వాళ్లు పొటాషియం డైక్రోమేట్ అనే నారింజరంగు రసాయనంలో పచ్చసొనను నానబెడతారు. అది విషం. బడి ల్యాబు బీరువాలో సీసా కనిపించినా దాన్ని తాకవద్దు. ఉడికిన పచ్చసొనను పదునైన కత్తితో కోసి వెలుగులో చూడండి, అదృష్టం బాగుంటే లేతగా రెండు మూడు వలయాలు కనిపిస్తాయి. అంతటితో సరిపెట్టుకోండి.

కార్తీకం వచ్చేలోగా

వంటింటి పని ఆశ్వయుజంలోనే ముగించండి. కార్తీకం మొదలైతే మా ఇంట్లో గుడ్డు గుమ్మం దాటి రాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తేలినీలాపురం చెట్లు నిండుగా ఉంటాయి. కాబట్టి రెండో సగం అక్కడ. పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో ఎవరైనా చెబితే వాదించకండి. గూడబాతులు మాత్రం మన దక్షిణాసియావే. వాటి పుట్టిల్లు, అత్తిల్లు రెండూ ఇక్కడే.

ఉదయం ఏడింటికల్లా వెళ్లండి. చెట్టు కిందికి వద్దు, దూరం నుంచి బైనాక్యులర్‌తో. కిందికి వెళితే తల్లి లేచిపోతుంది, కాకి కాచుకుని ఉంటుంది. పటాసులు, డ్రోన్‌లు అసలు వద్దు. గుడ్డో పిల్లో కింద పడి కనిపిస్తే చేత్తో ఎత్తకుండా అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. ఒకే ఒక గూటిని ఎంచుకోండి. కొమ్మ గుర్తు పెట్టుకోండి, బొమ్మ గీసుకోండి. ఎవరు కూర్చున్నారు, ఎప్పుడు మారారు, మారేటప్పుడు కాళ్లు ఎలా సర్దుకున్నారు. వారానికి రెండుసార్లు చాలు. పక్షి కదలకుండా కూర్చోవడం మొదలైన తేదీ నుంచి సుమారు నెల రోజులకు తల్లి వంగి సంచి తెరవడం మొదలవుతుంది. అప్పుడు పిల్ల దిగినట్టు లెక్క. పిల్ల మీద తెల్లటి నూగు ఎన్నో రోజున వచ్చిందో, ఎన్నో వారంలో ఒంటరిగా వదిలారో రాయండి. గూడబాతు గుడ్డు మనం ఎప్పుడూ తూచం. ఆ తేదీలే దానికి మన త్రాసు.

ఆ గుంటడు ఇప్పుడు ఇంటర్ అయిపోయి పలాసలో ఏదో కోర్సు చదువుతున్నాడు. పోయిన డిసెంబరులో సెలవుకు వచ్చినప్పుడు ఫోన్ చేశాడు. "మేడమ్, మన కొమ్మ మీద ఈసారి మూడు దిగాయి. తోలుపిల్లలే." నోటుబుక్కు తీసి తేదీ వేసుకున్నాను.